ఫోను ఎప్పుడు ముసలిదవుతుంది?

మనిషి ముసలివాడయ్యాడని చెప్పటానికి తల నెరవటం, చూపు మందగించటం వంటి గుర్తులున్నాయి. మరి మన జేబులో ఉన్న స్మార్ట్‌ఫోను ముసలిదైందని చెప్పటానికి గుర్తేమిటి? గాజు పగిలితే వేయించుకోవచ్చు. బ్యాటరీ నీరసిస్తే కొత్తది వేయించుకోవచ్చు. అయినా మన కాలేజీలో చాలామంది ఫోను మార్చేది గాజు కోసమూ కాదు, బ్యాటరీ కోసమూ కాదు. 'మీ ఫోనులో ఉన్న ఆండ్రాయిడ్ వెర్షనులో ఇది పనిచేయదు' అని ఏదో ఒక యాప్ మొండికేసినందుకు. అంటే ఒళ్లు గట్టిగానే ఉంది, లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం వెనకబడిపోయింది. ఒళ్లు చెడకముందే ఫోనును ముసలిదాన్ని చేస్తున్నది ఏమిటి? దానికి విరుగుడు ఉందా? ఉంటే దాని ఖరీదెంత? ఈ మూడు ప్రశ్నలకూ, నేను చదివినంతలో, మా హాస్టల్లో చేసి చూసినంతలో, జవాబు చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పాఠకులకు ఒక చిన్న పని. మీది ఆండ్రాయిడ్ ఫోనైతే సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' అన్నచోటికి వెళ్లి ఆండ్రాయిడ్ వెర్షను దగ్గర చూడండి. 'సెక్యూరిటీ అప్‌డేట్' అని ఒక తేదీ కనబడుతుంది. తయారుచేసినవారు మీ ఫోను క్షేమసమాచారాలు ఆఖరుసారి విచారించింది ఆనాటి లెక్కకే. మా హాస్టల్లో నా చేతికొచ్చిన ఫోన్లలో ఆ తేదీ రెండేళ్లూ మూడేళ్లూ వెనక ఉన్నవి కొల్లలు.

అప్‌డేట్ ఎందుకు?

'కొత్త రంగులూ, కొత్త బొమ్మలూ తప్ప అప్‌డేట్‌లో ఏముందోయ్?' అని అడిగే మిత్రులున్నారు. వారికోసం రెండు సంగతులు చెబుతాను.

2018 ఫిబ్రవరిలో ఒక విచిత్రం జరిగింది. తెలుగువాళ్లం మరిచిపోకూడని విచిత్రం అది. 'జ్ఞా' అనే మన అక్షరాన్ని, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు చేర్చి, ఎవరైనా మెసేజీగా పంపితే చాలు, దాన్ని తెరమీద చూపించబోయి ఐఫోనులో ఆ యాప్ కుప్పకూలేది. నోటిఫికేషన్‌గా వస్తే ఫోనే చతికిలబడేది. 'జ్ఞానం' అనే మాటలో మొదటి అక్షరానికి అంత బలం ఉందని మన తెలుగు లెక్చరర్లకు కూడా అప్పటిదాకా తెలిసి ఉండదు! లోపం అక్షరానిది కాదు. అక్షరాలను పేర్చి తెరమీద గీసే ఆపరేటింగ్ సిస్టమ్‌ది. యాప్ రాసినవాళ్లు ఎంత తెలివైనవాళ్లయినా ఈ జబ్బును నయం చెయ్యలేరు. ఎందుకంటే జబ్బు యాప్‌లో లేదు, కింద పునాదిలో ఉంది. ఆపిల్ కంపెనీ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 అనే అప్‌డేట్ విడుదల చేసి సరిదిద్దింది.

రెండోది ఇంకా గట్టిది. 2015లో ఆండ్రాయిడ్‌లో వీడియోలను చదివే 'స్టేజ్‌ఫ్రైట్' అనే భాగంలో లోపాలు బయటపడ్డాయి. దుర్మార్గుడెవడైనా ఒక వీడియో మెసేజీ పంపితే, మనం దాన్ని తెరవకముందే వాడి ప్రోగ్రాము మన ఫోనులో నడిచే అవకాశం ఉందని తేలింది. ఆ గొడవ తర్వాతే, 2015 ఆగస్టు నుంచి, గూగుల్ నెలనెలా భద్రతా సవరణలు ప్రకటించటం మొదలుపెట్టింది. ఇందాక మీరు చూసిన తేదీ ఆ నెలవారీ సవరణల తేదీయే. సవరణలు నెలనెలా పుడుతూనే ఉన్నాయి. అవి మన ఫోను దాకా వస్తున్నాయా లేదా అన్నదే ప్రశ్న.

గొలుసులో లంకెలు

ఆపిల్ ఇంట్లో వంటా వడ్డనా ఒకరివే. చిప్పు రూపం, ఫోను, ఆపరేటింగ్ సిస్టమ్ అన్నీ ఆ కంపెనీవే కనక మందు ఒకేసారి అందరికీ చేరుతుంది. ఆండ్రాయిడ్ సంగతి వేరు. దాని మూల ప్రోగ్రామును గూగుల్ అందరికీ తెరిచి పెడుతుంది. దాన్ని క్వాల్‌కామ్, మీడియాటెక్ వంటి చిప్పుల కంపెనీలు తమ చిప్పుకు తగినట్టు సవరిస్తాయి. తర్వాత ఫోను కంపెనీ తన కెమెరా, తన తెర, తన హంగులు చేర్చుకుంటుంది. ఇన్ని చేతులు మారి ఆఖరికి మన చేతికి వస్తుంది. గొలుసులో ఏ ఒక్క లంకె 'ఇక నావల్ల కాదు' అన్నా, కింద ఉన్నవాళ్లందరికీ అప్‌డేట్ ఆగిపోతుంది. చిప్పు కంపెనీకి కొత్త చిప్పులు అమ్ముకోవాలి. ఫోను కంపెనీకి కొత్త ఫోన్లు అమ్ముకోవాలి. పాత ఫోనుకు సేవ చెయ్యటంలో లాభం ఎవరికి? ఫోనును ముసలిదాన్ని చేస్తున్నది ఇదీ.

ఈ ఆలస్యాన్ని భరించలేక మొదట ముందుకొచ్చినవారు ఔత్సాహికులు. ఆండ్రాయిడ్ మూలం అందరికీ తెరిచి ఉండటం, దాని అడుగున ఉన్న లినక్స్ కెర్నెల్ సవరణలను బయటపెట్టి తీరాలని ఆ లైసెన్సు కట్టడి చెయ్యటం వారికి కలిసివచ్చాయి. 2009లో స్టీవ్ కాండిక్ మొదలుపెట్టిన సయనోజెన్‌మాడ్ ఈ దారిలో పెద్ద పేరు. 2016 డిసెంబరులో అది మూతపడితే, అందులో పనిచేసినవారే లీనేజ్ ఓఎస్ అనే పేరుతో ఆ పనిని అందుకున్నారు. వీటినే కస్టమ్ రోమ్‌లంటారు. ఫోనుతో వచ్చిన సిస్టమ్‌ను తీసేసి, దాని స్థానంలో వేరేవారు తయారుచేసినదాన్ని వెయ్యటమన్నమాట.

కాని ఇందులో ఒక చిక్కు ఉంది. ఒక ఫోను కోసం తయారుచేసిన కస్టమ్ రోమ్ పక్క ఫోనుకు పనికిరాదు. ఒక్కొక్క మోడలుకు ఒక్కొక్క ఔత్సాహికుడు రాత్రిళ్లు కూర్చుని విడిగా తయారుచేయాలి. అమ్మకాలు ఎక్కువగా ఉన్న ఫోన్లకు అలాంటివాళ్లు దొరుకుతారు. అంత పేరులేని ఫోను కొన్నవాడి గతి ఏమిటి?

ట్రెబుల్ అనే కప్లింగు

రైలుబండిని చూడండి. చిత్తరంజన్‌లో తయారైన ఇంజను పెరంబూరులో తయారైన పెట్టెలను లాగుతోంది. రెండింటి మధ్యా కప్లింగు ఒక ప్రమాణం ప్రకారం ఉండటమే దానికి కారణం. ఇంజను మార్చాలంటే పెట్టెలను విరగ్గొట్టనక్కరలేదు. కప్లింగు విప్పి, కొత్త ఇంజను తగిలిస్తే సరి.

2017కు ముందు ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇంజనూ పెట్టెలూ వెల్డింగు చేసినట్టు ఉండేవి. అందరికీ సామాన్యమైన ఆండ్రాయిడ్ భాగమూ, ఆ ఫోను హార్డ్‌వేరుకు మాత్రమే చెందిన డ్రైవర్ల భాగమూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉండేవి. ఒకటి మారిస్తే రెండోదాన్నీ తిరగరాయవలసి వచ్చేది. 2017లో గూగుల్ 'ప్రాజెక్ట్ ట్రెబుల్' అనే మార్పును ప్రకటించి, ఆ ఏడాదే వచ్చిన ఆండ్రాయిడ్ 8.0తో అమలులో పెట్టింది. దాని సారాంశం చాలా సులువు. ఫోను నిల్వలో 'సిస్టమ్' అని ఒక గది, 'వెండర్' అని మరొక గది. ఇలాంటి గదులనే పార్టిషన్లంటారు. సామాన్యమైన ఆండ్రాయిడ్ సిస్టమ్ గదిలో ఉంటుంది. కెమెరా, తెర, రేడియో వంటి హార్డ్‌వేరును నడిపే ప్రోగ్రాములు వెండర్ గదిలో ఉంటాయి. ఈ రెండు గదులూ మాట్లాడుకోవలసిన భాషను ముందే ఖాయం చేశారు. 'కెమెరా తెరువు' అని సిస్టమ్ ఏ విధంగా అడగాలో, వెండర్ ఏ విధంగా బదులివ్వాలో నియమాలున్నాయి. ఆండ్రాయిడ్ 8.0తోగాని, ఆ తర్వాతి వెర్షనుతోగాని మార్కెట్లోకి వచ్చిన ఫోన్లన్నీ ఈ ఒప్పందానికి కట్టుబడాలి.

మరి ఫోను కంపెనీ నిజంగా ఆ నియమాలు పాటించిందా అని తేల్చటమెట్లా? దానికి గూగుల్ కనిపెట్టిన పరీక్షే జెనరిక్ సిస్టమ్ ఇమేజ్, పొట్టిగా జీఎస్ఐ. ఇమేజ్ అంటే ఇక్కడ బొమ్మ కాదు. ఒక పార్టిషన్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా తీసిన అచ్చు. ఏ కంపెనీ హంగులూ లేని, మూలంలో ఉన్నట్టే ఉన్న ఆండ్రాయిడ్ అచ్చు ఈ జీఎస్ఐ. దాన్ని ఫోనులో వేసి పరీక్షలు నడుపుతారు. మన భాషలో చెప్పాలంటే ఇది అన్ని కాలేజీలకూ ఒకటే కామన్ పేపరు.

ఔత్సాహికుల బుర్ర ఇక్కడే పనిచేసింది. ఈ పేపరు ఏ ఫోనులోనైనా నడిచితీరాలని నియమం ఉన్నప్పుడు, దాన్నే మన ఫోనుకు ఆపరేటింగ్ సిస్టమ్‌గా ఎందుకు వాడుకోకూడదు? మోడలుకొక రోమ్ అక్కరలేదు, ఒక్క ఇమేజ్ వందల మోడళ్లకు సరిపోతుంది కదా! ఆ విధంగా పరీక్ష కోసం పుట్టినది పాత ఫోన్ల పాలిట సంజీవని అయింది. తర్వాత గూగుల్ కూడా యాప్‌లు రాసేవారు కొత్త ఆండ్రాయిడ్‌ను ముందుగా రుచిచూడటానికి జీఎస్ఐలను స్వయంగా విడుదల చేస్తూ వచ్చింది.

చేసే పద్ధతి

ఇది బజారులో పది నిమిషాల్లో చేయించుకునే పని కాదు, భయపడవలసిన బ్రహ్మవిద్యా కాదు. వరస తెలిస్తే చాలు.

మొదట ఫోను ట్రెబుల్ పద్ధతిలోనిదేనా, ప్రాసెసరు వరస 64 బిట్లదా 32 బిట్లదా, పార్టిషన్లు ఒక్కొక్కటే ఉన్నాయా జంటలుగా ఉన్నాయా అని తెలుసుకోవాలి. ఈ మూడూ చెప్పే చిన్న యాప్‌లున్నాయి. ఇమేజ్‌ను వీటికి సరిపడేది ఎంచుకోవాలి. చవక ఫోన్లలో ఒక తిరకాసు ఉంటుంది. ప్రాసెసరు 64 బిట్లదే అయినా కంపెనీవారు లోపల 32 బిట్ల సాఫ్ట్‌వేరు పెట్టి అమ్మటం కద్దు. అందుచేత పెట్టెమీద అచ్చువేసిన మాటను నమ్మకండి.

రెండోది, తిరుగుదారి చూసుకోవటం. ఫోను కంపెనీ ఇచ్చిన అసలు సాఫ్ట్‌వేరును, సరిగ్గా మీ మోడలుదే, మొదలుపెట్టకముందే కంప్యూటర్లో దాచుకోవాలి. ఫోటోలూ, నంబర్లూ, నోట్సులూ వేరేచోటికి ఎక్కించాలి.

మూడోది బూట్‌లోడర్ తాళం తియ్యటం. ఫోనుకు ప్రాణం రాగానే మొదట లేచి, మిగతా సిస్టమ్‌ను నిద్రలేపేది బూట్‌లోడర్. కంపెనీ సంతకం ఉన్న సిస్టమ్‌ను తప్ప మరొకదాన్ని లేపకుండా దానికి తాళం వేసి ఉంటుంది. తాళం తీసిన క్షణంలో ఫోనులో ఉన్న మన సమాచారమంతా చెరిగిపోతుంది. ఇది శిక్ష కాదు, రక్షణ. ఫోను దొంగిలించినవాడు తాళం తీసి మన ఉత్తరాలు చదువుకోకుండా చేసిన ఏర్పాటు.

నాలుగోది, ఫోనును కేబులుతో కంప్యూటరుకు తగిలించి, ఫాస్ట్‌బూట్ అనే పనిముట్టుతో సంతకాల తనిఖీని ఆపి, పాత సిస్టమ్ గదిని చెరిపి కొత్త ఇమేజ్‌ను అందులోకి పంపటం. దీన్నే 'ఫ్లాష్ చెయ్యటం' అంటారు. ఆండ్రాయిడ్ 10తోనో, ఆ తర్వాతో వచ్చిన ఫోన్లలో సిస్టమ్, వెండర్ వంటివన్నీ 'సూపర్' అనే ఒక పెద్ద హాలులో కదిలే గోడలతో ఉంటాయి కనక, చోటు చాలకపోతే గోడలు జరపవలసి వస్తుంది. చివరకు పాత డేటా తుడిచి ఫోనును మళ్లీ లేపాలి. మొదటిసారి లేవటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ కాసేపు కంగారుపడి బటన్లు నొక్కకూడదు.

ఉన్న సిస్టమ్‌ను కదల్చకుండా రుచి చూడాలనుకునేవారికి ఆండ్రాయిడ్ 10 నుంచి 'డైనమిక్ సిస్టమ్ అప్‌డేట్స్' అనే మరో ఏర్పాటు ఉంది. అద్దె గదిలో చుట్టం దిగినట్టు, జీఎస్ఐ పక్కన తాత్కాలికంగా దిగి, ఫోనును మళ్లీ స్టార్ట్ చేస్తే వెళ్లిపోతుంది. అన్ని ఫోన్లూ దీన్ని అనుమతించవు. అనుమతించే ఫోనైతే మొదట ఇదే చేసి చూడటం ఉత్తమం.

ఏం వస్తుంది, ఏం పోతుంది?

మా రూమ్మేటు ఫోను 2019లో కొన్నది. ఆండ్రాయిడ్ 9తో వచ్చి, 10 దగ్గర ఆగిపోయింది. ఇద్దరం కలిసి దానికి ఆండ్రాయిడ్ 13 జీఎస్ఐ వేశాం. తెర, వైఫై, స్పీకరు, బ్లూటూత్ మొదటి గంటలోనే చక్కగా పనిచేశాయి. అంతకుముందు మొండికేసిన యాప్‌లు దిగాయి. వెనక ఉన్న మూడు కెమెరాల్లో ఒక్కటే పలికింది. వేలిముద్ర పనిచేసింది గాని, ఫోను కాల్స్ వెళ్లలేదు.

కాల్స్ సంగతి మన దేశంలో అందరూ తెలుసుకోవలసినది. 2016 సెప్టెంబరులో వచ్చిన జియోకు 2జీ, 3జీ లేవు. దాని మీద మాట్లాడాలంటే మాటను కూడా డేటాగా పంపే వోల్టీ పద్ధతి ఉండి తీరాలి. ఆ వోల్టీని నడిపే యాప్‌ను చాలామంది తయారీదారులు వెండర్ గదిలో కాక సిస్టమ్ గదిలో, తమ హంగులతోపాటు పెడతారు. మనం ఆ గదిని ఖాళీ చేసినప్పుడు అదీ పోతుంది. కొన్నిటికి ఔత్సాహికులు మందు కనిపెట్టారు, కొన్నిటికి లేదు.

ఇక బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు. ఈ ఫోను తాళం భద్రంగా ఉందా, సిస్టమ్ కంపెనీ ఇచ్చినదేనా అని గూగుల్ వారి 'ప్లే ఇంటెగ్రిటీ' ద్వారా విచారించే యాప్‌లు అనేకం. తాళం తీసిన ఫోనుకు ఆ విచారణలో మంచి మార్కులు రావు. కొన్ని యాప్‌లు తెరుచుకోవు. సినిమాల యాప్‌లలో బొమ్మ నాణ్యం తగ్గటం కూడా ఇందులో భాగమే.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి చివరికి చెబుతున్నాను. జీఎస్ఐ మార్చేది సిస్టమ్ గదిని మాత్రమే. వెండర్ గది, కెర్నెల్, రేడియోను నడిపే సాఫ్ట్‌వేరు అన్నీ పాతవే. సెట్టింగ్స్‌లో తేదీ కొత్తగా కనబడినంత మాత్రాన ఫోను మొత్తం కొత్తదైందనుకుంటే పొరపాటు. పైకప్పు మార్చిన ఇంట్లో పునాదుల చెమ్మ అట్లాగే ఉంటుంది. పైగా తాళం తీసి ఉన్న ఫోను ఒక గంట పరాయివాడి చేతిలో పడితే, వాడు అందులో ఏమైనా దూర్చగలడు. ఇమేజ్ తయారుచేసింది ఎవరో, నలుగురికీ తెలిసిన ప్రాజెక్టో కాదో చూసుకోవటం కూడా మన బాధ్యతే.

కాబట్టి నా సలహా ఇది. రోజూ డబ్బు లావాదేవీలు చేసే ఒక్కగానొక్క ఫోను మీద ఈ ప్రయోగం చెయ్యవద్దు. సొరుగులో పడి ఉన్న రెండో ఫోను మీద నిస్సంకోచంగా చెయ్యండి. మా రూమ్మేటు ఆ ఫోనులో ఇప్పుడు పాఠ్యపుస్తకాలు చదువుతున్నాడు, వైఫై మీద లెక్చర్లు వింటున్నాడు, ప్రోగ్రాములు రాసి పరీక్షిస్తున్నాడు. చెత్తబుట్టలోకి పోవలసిన వస్తువు చదువుకు అక్కరకొచ్చింది. ఒకవేళ మీ మోడలుకు లీనేజ్ ఓఎస్ వంటి ప్రత్యేక రోమ్ ఉంటే జీఎస్ఐ కంటే అదే మేలు. ఆ ఫోనునే దృష్టిలో పెట్టుకుని చేసినది కనక కెమెరా, కాల్స్ సరిగా పనిచేసే అవకాశం ఎక్కువ.

తాళం ఎవరి చేతిలో?

ట్రెబుల్ వచ్చి ఇన్నేళ్లయింది గనక పాత ఫోనుకు కొత్త సిస్టమ్ వెయ్యటం అసాధ్యమని ఇక ఎవరూ అనలేరు. కప్లింగు ఉంది. ఇంజనూ ఉంది. ఇక మిగిలింది తాళం, సంకల్పం. కొన్ని కంపెనీలు బూట్‌లోడర్ తాళంచెవి అడిగినవారికి ఇస్తాయి. కొన్ని రోజుల తరబడి తిప్పించుకుని ఇస్తాయి. కొన్ని అసలే ఇవ్వవు. అప్‌డేట్లు తానూ ఇవ్వక, ఇంకొకరు వేసుకోవటానికి తాళమూ ఇవ్వకపోతే, మనం డబ్బిచ్చి కొన్న వస్తువు ఎవరిదన్నట్టు?

సంకల్పం ఉంటే ఏమవుతుందో చూపటానికి ఒక ఉదాహరణ ఉంది. నెదర్లాండ్స్‌లోని ఫెయిర్‌ఫోన్ అనే చిన్న కంపెనీ 2015 చివర్లో ఆండ్రాయిడ్ 5తో ఫెయిర్‌ఫోన్ 2 తెచ్చింది. అందులోని చిప్పుకు క్వాల్‌కామ్ ఆండ్రాయిడ్ 6 తర్వాత మద్దతు ఆపేసింది. అయినా ఆ కంపెనీ లీనేజ్ ఓఎస్ ఔత్సాహికుల పనిని ఆసరా చేసుకుని, ఆ ఫోనును ఆండ్రాయిడ్ 10 దాకా నడిపించి, 2023 మార్చిలోగాని సెలవు తీసుకోలేదు. ఏడేళ్లు! చిన్న కంపెనీకి చేతనైనది పెద్దవాటికి చేతకాదంటే ఎవరు నమ్ముతారు? ఆ తర్వాత పెద్దవాళ్లూ కదిలారు. 2023లో పిక్సెల్ 8కు గూగుల్, 2024లో గెలాక్సీ ఎస్24కు శాంసంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని మాట ఇచ్చాయి. ఐరోపా యూనియన్‌లో మోడలును మార్కెట్లో పెట్టటం ఆపిన తర్వాత కూడా కనీసం 5 ఏళ్లు అప్‌డేట్లు ఉచితంగా అందుబాటులో ఉండాలన్న నిబంధన 2025 జూన్ 20 నుంచి అమలులోకి వచ్చింది. అయితే ఈ ఏడేళ్ల మాటలు ఖరీదైన ఫోన్లకు. విద్యార్థి స్కాలర్‌షిప్పు డబ్బుతో కొనుక్కునే చవక ఫోనుకు అంత ఆయుర్దాయం ఇంకా దక్కలేదు. ఎక్కువ ఏళ్లు వాడక తప్పనివాడికే తక్కువ ఏళ్ల సేవ, ఇదీ ఇందులోని అన్యాయం.

ఈ సంచిక చదువుతున్న మిత్రులకు నా మనవి ఒక్కటే. మీలో ఇంజనీర్లయ్యేవారు, ప్రోగ్రాములు రాసేవారు, రేపు ఏ ఫోను కంపెనీలోనో కూర్చుని ఏ మోడలుకు అప్‌డేట్ ఆపాలో నిర్ణయించేవారు కూడా ఉంటారు. ఆనాడు ఈ సంగతి గుర్తుంచుకోండి. మిగతా అందరం చెయ్యగలిగింది ఒకటి ఉంది. కొనేముందు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడిగే నోటితోనే, అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు, బూట్‌లోడర్ తాళం తీయనిస్తారా అని కూడా అడుగుదాం. ఇవాళ దుకాణంవాడు మనవైపు వింతగా చూడవచ్చు. పదిమంది అడిగితే, జవాబు తెలుసుకుని చెప్పక వాడికి తప్పదు.